దొర తూకం

పాలెం, మైపాడు దగ్గర
24-6-2024

చెల్లెలు వనజాక్షికి, అన్న మాలకొండయ్య రాసేది.

నేను గట్టిగానే ఉన్నాను. నీ సంగతి రాయి. ఫోను మాత్రం చెయ్యబాక. చెవిలో పెట్టుకుంటే నాకు హోరు తప్ప ఏమీ వినపడదు, నా అరుపులు మాత్రం పాలెమంతా వినపడతాయి. మన ఇంటి సంగతులు అందరికీ ఎందుకు. నువ్వు నా యాభయ్యో ఏట పలకా బలపం ఇచ్చి కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలకు ఇప్పుడు పని పడింది. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

సంగతి ఏమంటే, దొర కుంటుతున్నాడు. వెనక కాలు నేలకు ఆనించడం లేదు. ఆటోలో వేసుకుని నెల్లూరు పోయి కుక్కల డాక్టరమ్మకు చూపించినాను. తిరుపతి నుంచి వచ్చి ఆపరేషన్లు చేసి పోతుందట. చిన్నపిల్లే గానీ మాట గట్టిది. దొరను కాటా ఎక్కించి, "పెద్దాయనా, ఇది కుక్కా దూడా?" అనింది. నలభై ఒక్క కిలో. నాకు ఒళ్ళు మండింది. రొయ్యల గుంటల మేనేజరు వదిలేసి పోతే పిల్లప్పుడు నా పైగుడ్డలో వేసుకుని తెచ్చిన కుక్క వాడు. తిండి పెట్టి పెంచడం తప్పా?

మోకాటిలో నరం తెగిందట. ఈ బరువుతో మత్తు ఇస్తే లేస్తాడని మాట ఇవ్వలేనంది. "ముప్పైనాలుగుకు దించుకోని రా. అక్టోబరు పందొమ్మిదిన మళ్ళీ వస్తా, కోస్తా. దించకపోతే ఆ బరువంతా రెండో కాలు మీద పడి అది కూడా తెగుద్ది. రెండూ పోతే ఇంక లేవడు" అనింది.

నాలుగు నెలల్లో ఏడు కిలోలు. నేను దించుతాను.

మన పాలెం సంగతి నీకు తెలుసు కదా. పడవ దగ్గర కాపలా పడుకున్న కుక్కకు వల విప్పినప్పుడు ఒక చేప వాటా వెయ్యాల్సిందే. దొర ఒక్క పడవకు కాదు, తొమ్మిది పడవలకు కాపలా. తొమ్మిది వాటాలు. ఇన్నాళ్ళూ నేను మురిసిపోయినాను. ఈ పొద్దు ఒడ్డున నిలబడి చెప్పేసినాను, దొరకు ఎవడైనా చేప వేస్తే వాడి వల కోస్తానని.

ఇట్లు,
మాలకొండయ్య

ముత్తుకూరు
2-7-2024

అన్నా,

నీ ఉత్తరం చేరింది. రెండు చోట్ల వత్తులు ఎగిరిపోయాయి, అంతే. యాభై ఏళ్ళకు పలక పట్టిన చేతికి అది లెక్కలోది కాదు.

మా అమ్మాయి అనూష పొద్దున్నే పాపను నాకు వదిలి పనికి పోతోంది. రెండేళ్ళ పిల్ల, మెతుకు ముట్టదు. గిన్నె పట్టుకుని ఇల్లంతా దాని వెంట తిరగడమే నా ఉద్యోగం. అంగన్‌వాడీలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసింది చాలలేదని మళ్ళీ ఇంట్లో చేస్తున్నాను. అందుకే రాలేకపోతున్నాను, లేకపోతే బస్సెక్కి వచ్చి చూసేదాన్ని.

దొర తూకం వారం వారం రాస్తూ ఉండు. పిల్లలకు గీసినట్టే చార్టు మీద వాడికి కూడా ఒక గీత గీస్తాను. నోరులేని జీవి, మరీ కడుపు మాడ్చకు. ఏదన్నా అవసరమైతే పెరటి వెనక సామ్రాజ్యం ఉంది. నా దగ్గర పదేళ్ళు ఆయాగా చేసిన మనిషి, మన మాట కాదనదు.

నీ చెల్లెలు,
వనజ

పాలెం
16-7-2024

వనజాక్షికి, మీ అన్న.

నిన్న తూకం ముప్పైతొమ్మిదిన్నర. కిలోన్నర దిగినాడు.

తూకం ఎట్లా వేస్తున్నామో రాస్తాను. చేపలు తూచే వేలాడే కాటా ఉంది కదా, దాని కొక్కేనికి పాత వల ముక్క ఊయల మాదిరి కట్టి అందులో దొరను పడుకోబెట్టి నలుగురం ఎత్తుతాము. నాలుగు కాళ్ళూ కన్నాల్లోంచి కిందికి వేలాడతాయి. వాడు మాత్రం పల్లకీలో పోతున్న వాడి మాదిరి చూస్తాడు. ఒడ్డున ఆడవాళ్ళు బుట్టలు దించి నవ్వుతున్నారు. "మామా, కిలో ఎంతకి పాడినావు?" అంటారు. "మీ మొగుళ్ళని కూడా ఎక్కించండే, ఎవరు బరువో తేలుద్ది" అన్నాను. నోళ్ళు పడిపోయినాయి.

తిండి డాక్టరమ్మ చెప్పినట్టే. పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. గిన్నెలో సగం ఉడకబెట్టిన సొరకాయ, ముళ్ళు తీసిన చేప, కొంచెం అన్నం. నూనె లేదు, ఉప్పు లేదు, ఎండుచేప అసలే లేదు. కోడలు మహాలక్ష్మి వండుతుంది, కొలిచేది నేనే. తెల్లారగానే కాలువలో మోకాటి లోతు నీళ్ళల్లో అరగంట నడిపిస్తాను. నీళ్ళు బరువు మోస్తాయి కాబట్టి కాలికి నొప్పి ఉండదట.

తిని అయిపోయినాక గిన్నె నాకి, ముక్కుతో తోసుకుంటూ నా దగ్గరికి తెచ్చి పెడతాడు. ఏడుస్తాడు కూడా. నేను కదలకుండా అక్కడే కూర్చుని వల కుట్టుకుంటాను. మొన్న గడప కాడ పడుకుని ఖాళీ గిన్నెలో తల పెట్టుకుని నిద్రపోయినాడు. నేను మాట తప్పే మనిషిని కాదు.

మాలకొండయ్య

పాలెం
6-8-2024

వనజాక్షీ,

ముప్పైఎనిమిది! మూడు కిలోలు దించినాను. పాలెంలో ఒక్కడు నమ్మలేదు నేను చేస్తానని. ఒళ్ళు నిమిరితే ఎముకలు చేతికి తగులుతున్నాయి. డాక్టరమ్మ చెప్పిన గుర్తు అదే. నడుము కూడా కనపడుతోంది.

ఏడుపు కూడా మానేసినాడు. అడిగే ఓపిక లేదు. ఒక మూల పడుకుని ఉంటాడు. నాకు నిమ్మళంగా ఉంది.

చార్టు గీస్తున్నావా? గీత ఎట్లా ఉందో రాయి.

మీ అన్న

ముత్తుకూరు
12-8-2024

అన్నా,

చాలా సంతోషం. గీత బాగా కిందికి దిగింది. నువ్వు పట్టుకుంటే వదలవని నాకు తెలుసు.

ఎముకలు తగులుతున్నాయన్నావు. కంటికి కూడా కనపడుతున్నాయా? నీళ్ళు తాగుతున్నాడా? నువ్వు ఒడ్డుకు పోయి వలలు కుట్టేది ఎనిమిది నుంచి పదకొండు దాకానే కదా? ఆ వేళ దొర ఎక్కడ ఉంటాడు? ఊరికే అడిగాను. ఎండలో పెట్టకు.

పాప నిన్న మూడు ముద్దలు తింది. పండగ చేసుకున్నాను.

వనజ

పాలెం
27-8-2024

వనజాక్షికి,

ముప్పైఎనిమిదిన్నర. నాకు నమ్మకం కలగలేదు. కాటా చెడిందేమో అని ఇరవై కిలోల ఐసు దిమ్మె వేసి చూసినాను. సరిగ్గా ఉంది. రెండోసారి దొరను ఎత్తితే మళ్ళీ అదే.

ఎవడో పెడుతున్నాడు. పడవల దగ్గరికి వాడు పోవడం లేదు, కాలు లాగుతుంది. ఇంట్లో, పెరట్లో తప్ప ఎక్కడా ఉండడు. ఎండలో పెట్టబాక అన్నావు కదా, పెరట్లో వేపచెట్టు నీడనే వదిలి పోతున్నాను.

అన్నం సగానికి కోసేసినాను. చేప కూడా. సొరకాయ మాత్రం పెట్టినాను. మోసం ఎవరిదైనా కానీ, నా చేతిలో కొలత ఉంది కదా.

మాలకొండయ్య

ముత్తుకూరు
3-9-2024

అన్నా,

అరకిలో పెరిగితే కంగారు ఎందుకు? పిల్లలకు కూడా ఒక నెల గీత అటూ ఇటూ అవుతుంది. మూడు కిలోలు దించావు, అదే చాలా సంతోషం. అన్నం సగం కోయకు అన్నా, నా మాట విను. అప్పుడే బాగా పెట్టాలి. బలం లేకపోతే ఆపరేషన్‌కు ఎట్లా తట్టుకుంటాడు?

వనజ

పాలెం
24-9-2024

వనజాక్షికి,

ముప్పైతొమ్మిదిన్నర దాటింది. ఇంక నాలుగు వారాలు లేవు.

మహాలక్ష్మి పుట్టింటికి పోయింది. నేనే పొమ్మన్నాను అనుకో. నేను ఒడ్డుకు పోతే ఇంట్లో ఉండేది అది ఒక్కతే. జూన్‌లో ఒకసారి చేప తలకాయ పెడుతుంటే నా కంటితో చూసినాను. మొన్న నిలదీసినాను.

"మామా, ఆ రోజు తప్ప నేను పెట్టలా. నా బిడ్డ మీద ఒట్టు" అనింది.

"ఒట్లు ఎందుకమ్మే? గాలి తిని పెరిగినాడా వాడు?" అన్నాను.

"పన్నెండేళ్ళుగా నీకు అన్నం పెడుతుండా. ఒక్కనాడు మాట పడలా. ఈ పొద్దు కుక్క కూడు కాడ నన్ను దొంగని చేసినావే" అనింది.

"దొంగవి కాకపోతే ఎవరో చెప్పు" అన్నాను. అది లోపలికి పోయింది. బట్టలు సర్దుకుని బిడ్డను తీసుకుని కోట బస్సు ఎక్కింది. గణేష్ ఓడరేవు పని నుంచి శనివారం వచ్చి, ఇంట్లో పొయ్యి వెలగకపోవడం చూసి నాతో మాట్లాడకుండానే పెళ్ళాం దగ్గరికి పోయినాడు. కొడుకు అయినా ఏం చేస్తాను? తప్పు తప్పే.

ఇప్పుడు వండేది, కొలిచేది అన్నీ నేనే. దొరకు పూటకు పిడికెడు అన్నం. దాని మీద కూడా పెరిగితే ఆ దేవుడే పెడుతున్నట్టు.

మాలకొండయ్య

ముత్తుకూరు
30-9-2024

అన్నా,

నీ ఉత్తరం చదివాను. మహాలక్ష్మిని అట్లా అంటావా? ఆ పిల్ల తప్పు లేదేమో. నీకెట్లా తెలుసు అని అడగకు, నా మనసుకు అనిపించింది రాస్తున్నాను. వెంటనే పోయి పిలుచుకురా. పన్నెండేళ్ళు నిన్ను కనిపెట్టుకుని ఉన్న మనిషి.

పిడికెడు అన్నం ఏమిటన్నా? అంత పెద్ద ఒంటికి పిడికెడు అన్నమా? నీకు కోపం వస్తే కొలత తెలియదు.

వనజ

పాలెం
15-10-2024

వనజాక్షికి.

వానలు పట్టుకున్నాయి. పడవలన్నీ ఒడ్డుకు లాగినారు.

నిన్న పొద్దున దొర లేవలేదు. లెయ్ రా అంటే ముందు కాళ్ళు లేచినాయి, వెనక రెండూ నేల మీద జారిపోయినాయి. రెండో మోకాలు కూడా తెగింది. చెయ్యి వేస్తే అరిచినాడు. తూకం నలభై.

నేను వాడి పక్కన కూర్చుని ఉన్నాను. వాన కదా, ఒడ్డుకు పోలేదు. తొమ్మిది గంటలకు పెరటి కంచె సందులోంచి సామ్రాజ్యం లోపలికి వచ్చింది. నెత్తిన గోనెసంచి కప్పుకుని, చేతిలో గిన్నె మీద మూత పెట్టుకుని. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. అది గుర్తుపెట్టుకో. ఉలిక్కిపడలేదు.

"ఏమన్నా, దొర ఈ పొద్దు రాలేదే? వానకు బద్ధకించినాడేమో అని నేనే తెచ్చినా" అనింది.

"ఏంది తెచ్చినావు?" అన్నాను.

"అదే అన్నా, బలం ముద్ద. వనజక్క పంపించే వేయించిన పిండి. శెనగలు, రాగులు, వేరుశెనగలు, బెల్లం. రెండు గుడ్లు కూడా పెట్టమనింది కదా. మొదట్లో ఒక ముద్దే పెట్టేదాన్ని. నువ్వు అన్నం కోసేసినావని రెండు చెయ్యమనింది. మహాలక్ష్మి పోయినాక మూడు. నీకు తెలుసు, డాక్టరమ్మే చెప్పిందని అక్క ఫోన్‌లో చెప్పింది. నీకు తెలవదా అన్నా?"

నాకు తెలవదు సామ్రాజ్యం అన్నాను. ఆమె గిన్నె అక్కడే పెట్టి కూలబడింది. యేసయ్యా, యేసయ్యా అని ఏడ్చింది. దొర ఆ గిన్నె వైపు ముందు కాళ్ళతో పాకినాడు.

నిజమా? ఒక్క మాట రాయి.

ముత్తుకూరు
21-10-2024

అన్నా,

నిజం.

బస్సు డ్రైవరుతో పిండి పంపించింది నేనే. సామ్రాజ్యానికి అబద్ధం చెప్పింది నేనే. ఆమెను ఏమీ అనకు.

నన్ను తిట్టే ముందు ఒక్కసారి విను. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ చార్టు మీద గీతలు గీశాను. గీత పైకి పోతే బిడ్డ బతికినట్టు. కిందికి దిగితే నేను గుడ్డు పట్టుకుని ఆ ఇంటికి పోవాలి. నా చేతికి వచ్చిన పని అది ఒక్కటే. నువ్వు రాసిన తూకాలు పెట్టి గీస్తే గీత కిందికి, ఇంకా కిందికి. ఎముకలు తగులుతున్నాయి, ఏడుపు మానేశాడు, మూల పడుకున్నాడు అని నువ్వు గొప్పగా రాశావు. ఏడుపు మానేసిన బిడ్డను చూస్తే నాకు భయం. మన తమ్ముడు చిన్నబాబు అట్లాగే మానేశాడు. తుపాను పోయాక నెల రోజులు పడవ లేదు, గంజి కూడా లేదు. నువ్వు నాన్నతో కూలికి పోయేవాడివి, నువ్వు చూడలేదు. నా ఒడిలో ఉండేవాడు. ఎముకలు నా చేతికి తగిలేవి. నాకు ఎనిమిదేళ్ళు.

నువ్వు సగం కోసినప్పుడల్లా నేను రెండింతలు పంపాను. ఆపాలని చాలాసార్లు అనుకున్నాను. మహాలక్ష్మి పోయిందని రాసినప్పుడు చెప్పేద్దామని కాగితం తీశాను. చేతకాలేదు.

పందొమ్మిదిన డాక్టరమ్మ ఏమన్నది? కోసిందా? అనూష వచ్చే నెల సెలవు పెడతానంటోంది. నేను వచ్చి వాడి మలమూత్రాలు ఎత్తుతాను. నన్ను రానివ్వు అన్నా.

వనజ

పాలెం
31-10-2024

వనజాక్షికి, మాలకొండయ్య రాసేది.

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. చించి మళ్ళీ రాస్తున్నాను.

డాక్టరమ్మ కొయ్యలేదు. దొరను చేపల బుట్టలో పడుకోబెట్టుకుని పోయినాను. కాటా మీద అంకె చూసి, నా ముఖం చూసి, "నేను చెప్పింది అర్థం కాలేదా పెద్దాయనా?" అనింది. అంతమందిలో. నేను డెబ్బై ఒక్క ఏళ్ళలో ఎవరి ముందూ తల దించలేదు. దించినాను. మా చెల్లెలు చేసిందని చెప్పలేదు. నాకు అర్థం కాలేదమ్మా అన్నాను.

జనవరిలో మళ్ళీ వస్తుందట. ఇప్పుడు నడిపించేదానికి లేదు, నీళ్ళల్లో దించేదానికి లేదు. కూర్చోబెట్టి, తిండి ఒక్కదానితోనే దించాలి. "ఆరు కిలోలు. అప్పటికీ దిగకపోతే?" అన్నాను. "దిగాలి" అనింది.

నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివినాను. నాకు చదవడం నిదానం కదా, ఒక పూట పట్టింది. చాలా సంతోషం అని రాసినావు. నువ్వు పట్టుకుంటే వదలవు అని రాసినావు. అదే చేత్తో పిండి వేయించినావు. ఎనిమిది నుంచి పదకొండు దాకానే కదా అని అడిగితే, చెల్లెలికి నా మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను. పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించినప్పుడు ఈ అక్షరాలతో ఇది కూడా చెయ్యొచ్చని చెప్పలేదే నువ్వు.

చిన్నబాబు పేరు ఎత్తినావు. వాడు నాకు తమ్ముడు కాడా? కూలి నుంచి వచ్చి వాడిని ఇసకలో పెట్టింది నేను. తిండి లేక పోయినాడు వాడు. దొర కాలు తిండి ఎక్కువై తెగింది. రెండింటికీ ఒకటే గుడ్డు తీసుకుని పరిగెత్తితే ఎట్లా? ఒక్కసారి నన్ను అడిగి ఉంటే నొక్కితే తగిలే ఎముకలు, కంటికి కనపడేవి కాదు అని రాసేవాడిని. నువ్వు అడిగినావు కూడా. జవాబు రాకముందే పిండి బస్సు ఎక్కింది.

కుక్క సంగతి పక్కన పెట్టు. అది భయంతో చేసినావు, పోనీ. మహాలక్ష్మి పోయిందని రాస్తే, తప్పు లేదేమో అని రాసినావు. ఏమో అని. నీకు తెలుసు. తెలిసి ఏమో అని రాసినావు. మూడు వారాలు ఆ పిల్లను దొంగగా ఉంచినావు, నా చేత ఉంచినావు.

ఆదివారం కోట పోయినాను. మహాలక్ష్మి గడపలో నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"ఎందుకు వచ్చినావు మామా?" అనింది.

"నువ్వు పెట్టలేదు" అన్నాను.

"అది నాకు తెలుసు. ఎవరు పెట్టినారు?"

"నా చెల్లెలు."

"అయితే ఇంకెవరిని పంపిస్తావు ఇంట్లోంచి?" అనింది. క్షమించు అనే మాట నాకు అలవాటు లేదు, అయినా అన్నాను. "దొర లేస్తుండాడా?" అని అడిగింది. లేవడం లేదన్నాను. బిడ్డను వాళ్ళమ్మకు అప్పజెప్పి చెప్పులు వేసుకుంది. నా కోసం కాదు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆడవాళ్ళ వైపు పోయి నిలబడింది.

నన్ను రానివ్వు అని అడిగినావు. వద్దు అని రాసి చించినాను. మళ్ళీ వద్దు అని రాసినాను. మహాలక్ష్మే అనింది, రానీ మామా, చూడనీ అని.

రా. మలమూత్రాలు మేము ఎత్తుకుంటాము. నీకు వేరే పని ఉంది. రోజుకు రెండు పూటలా నేను కొలిచి ఇచ్చిన గిన్నె నువ్వే తీసుకుపోయి దొర ముందు పెట్టాలి. వాడు తిన్నాక ఇంకా కావాలని నీ ముఖంలోకి చూస్తాడు. నువ్వు లేచి పోకూడదు, అటు తిరగకూడదు. వాడు చూసినంతసేపూ నువ్వు అక్కడే కూర్చుని ఉండాలి. నేను నాలుగు నెలలు ప్రతి పూటా చేసిన పని అది. నీ ముద్ద తిని వచ్చి కూడా వాడు నన్ను అట్లాగే చూసినాడు, నేను నమ్మినాను.

జనవరి దాకా ఉండాలి. మధ్యలో మనసు ఆగక పోతానంటే ఇప్పుడే రాబాక.

మాలకొండయ్య